చెత్తబండి గొంతు

మున్సిపల్ ఆఫీసు పన్నుల గుమాస్తా ఈ మధ్య ఎండలో కూడా మెడకి మఫ్లరు చుట్టుకుని తిరుగుతున్నాడు. జనం వీధిమూలల్లో చెత్త పారబోయడం మాన్పించాలని ఆఫీసువాళ్లు పొద్దున్నే ఇంటింటికీ బండి పంపుతున్నారు. దాని మైకులో వినిపించేది ఈయన గొంతే. "అమ్మా, తలుపు తియ్యండి! తడిచెత్త వేరు, పొడిచెత్త వేరుగా తెండి!" ఆ రికార్డింగు అయిన దగ్గర్నుంచీ ఆయన కాళ్లు నేలమీద ఆనడం లేదు. చన్నీళ్లు ముట్టడు, ఎవర్నీ గట్టిగా కసరడు, కూరల కొట్టులో సైతం రాగం తీస్తూ బేరమాడతాడు. మూలమీది చెత్తగుట్ట మాయమైందంటే, దాన్ని ఎత్తినవాళ్ల కంటే ఈయనకే గర్వం. మొన్న సాయంత్రం ఇంటికొచ్చేసరికి గేటుకి లోపల గడియ వేసి ఉంది. ఎంత తట్టినా ఎవరూ పలకలేదు. గొంతు సవరించుకుని, "ఏమోయ్, తలుపు తియ్యి!" అని నిండుగా పిలిచాడు. వీధి పొడవునా తలుపులు తెరుచుకున్నాయి. ఇంటికొకరు చొప్పున బకెట్లతో పరుగెత్తుకొచ్చారు. "సాయంత్రం కూడా వస్తోందా అన్నయ్యగారూ?" అంది పక్కింటావిడ. చివరికి ఆయన భార్య కూడా ఒక్కో చేత్తో ఒక్కో చెత్తబుట్ట పట్టుకుని వచ్చి, గేటు తీసి, భర్త భుజం మీదుగా వీధిలోకి తొంగిచూసింది.

"కాస్త పక్కకి జరగండీ, బండి వెళ్లిపోతుంది!"