పత్తీ లేని క్లారినెట్టు

నా చిన్నప్పుడు మా సందులో పగటిపూట గట్టిగా దగ్గినా తప్పే. హిందీ మాట్లాడే ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, సీతారాండేరా అనే పేటలో మాదొక ఇరుకు సందు. గోడకి గోడ ఆనుకుని ఇళ్ళు, ఇంటికొక నైట్ డ్యూటీ మనిషి. రాత్రంతా కొలిమి వేడికి మాడి వచ్చినవాళ్ళు మధ్యాహ్నందాకా పడుకునేవారు. పిల్లలం కాస్త కేరింతలు కొడితే చాలు, ఏదో ఒక కిటికీలోంచి చెప్పు వచ్చి పడేది. అలాంటి సందులో ఉంటూ మా పెదనాన్న క్లారినెట్టు వాయించేవాడు. తలరాత కాకపోతే మరేమిటి చెప్పండి!

పెదనాన్న అంటే మా నాన్నకి సొంత అన్న. శ్రీకాకుళం వైపు నుంచి మావాళ్ళందరూ ఇనుము పనికోసం ఇక్కడికి వస్తే, ఈయన మాత్రం నల్లటి పెట్టె ఒకటి చంకన పెట్టుకుని దిగాడట. పెళ్ళిబ్యాండులో ముందువరస ఆయనది. పిల్లలు లేరు. మా పెద్దమ్మ పోయాక మా ఇంట్లోనే ముందుగదిలో ఉండేవాడు. సాధన చెయ్యకపోతే వేళ్ళు మొద్దుబారిపోతాయి, చేస్తే సందంతా తిట్టిపోస్తుంది. అందుకని పగలు ఊదకుండా సాధన చేసేవాడు. క్లారినెట్టు పెదవుల దగ్గర పెట్టుకుని, ఊపిరి వదలకుండా, వేళ్ళు మాత్రం ఆడించేవాడు. కొయ్య మీద వేళ్ళు పడే చిన్న టపటప తప్ప ఏమీ వినబడేది కాదు.

నేను ఎదురుగా గడప మీద కూర్చుని చూసేదాన్ని. "ఇదేటి పాటో సెప్పుకో సూద్దాం, గుంటా" అనేవాడు. సరిగ్గా చెబితే జేబులోంచి పిప్పరమెంటు తీసి ఇచ్చేవాడు. మొదట్లో నోటికొచ్చిన పాట పేరల్లా చెప్పేదాన్ని. పోనుపోను నిజంగానే వినబడసాగింది. ఏ వేలు లేస్తే ఏ స్వరమో నాకెవరూ నేర్పలేదు, పిప్పరమెంటు నేర్పింది. ఒక్క పాట మాత్రం ఇంట్లో వేళ్ళతో కూడా పట్టేవాడు కాదు. మా వాళ్ళలో మనిషి పోతే, సువర్ణరేఖ ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళేటప్పుడు పాడె ముందు వాయించే పాట అది. ఇంట్లో పలికిస్తే కీడు అనేవాడు. పెద్దమ్మ పోయినప్పుడు పాడె ముందు తనే నిలబడి వాయించాడు. వాకిట్లోంచి ఆయన వేళ్ళు చూశాను. అంతే, మరి మరిచిపోలేదు.

ఆయన్ని ముంచింది ఖైనీ, దవడన పెట్టుకునే పొగాకు. క్లారినెట్టు మొనని పైపళ్ళు ఆనించి పట్టుకోవాలి. ఆ ముందుపళ్ళే వదులై ఒకదాని వెనక ఒకటి రాలిపోయాయి. కట్టుడుపళ్ళు పెట్టించుకున్నాడు. ఊదగానే అవి జారిపోయేవి, గాలి పక్కలనుంచి పోయేది, పీక నొక్కిన కోడిలా క్లారినెట్టు కీచుమనేది. చివరికి ఒకరోజు కోపంకొద్దీ మిట్టమధ్యాహ్నం గట్టిగా ఊదాడు. పాట రాలేదు, అదే కీచు. ఏ కిటికీలోంచీ చెప్పు రాలేదు. ఒక్కరూ తిట్టలేదు. ఆ రోజు పెదనాన్న అన్నం తినలేదు.

బ్యాండు మాస్టరు చెడ్డవాడు కాదు. పెళ్ళివాళ్ళకి వరసలో మంది నిండుగా కనబడాలి. అందులో వాయించేవాళ్ళు కొందరు, కోటు తొడుక్కుని ఉత్తినే నడిచేవాళ్ళు కొందరు. ఇది అన్ని బ్యాండుల్లోనూ ఉన్నదే. "బస్, ముఁహ్ మే లగాకే చల్తే రహో, చాచా" అన్నాడట, ఊరికే నోటికి ఆనించుకుని నడిస్తే చాలని. పొరపాటున కూడా కీచుమనకుండా పత్తీ తీసేయించాడు. పత్తీ అంటే మొనకి బిగించే పలుచటి రెల్లుముక్క. అది అదిరితేనే క్లారినెట్టు పలుకుతుంది. అది లేకపోతే ఎంత ఊదినా ఉత్త గాలే. అలా ముందువరస మనిషి వెనక వరసకి వెళ్ళాడు. "ఎందుకు బావగారూ ఈ అవస్థ, ఇంటిపట్టునుండండి" అని మా అమ్మ బతిమాలింది. "ఈ కోటిప్పేత్తే నానెవుణ్ణమ్మా?" అన్నాడు.

పక్కింటి అక్క పెళ్ళి వచ్చింది. నాకు రోజూ జడ వేసిన అక్క. నాకు తోబుట్టువులు లేని లోటు తీర్చింది ఆవిడే. పెళ్ళి బారిడీహ్ పేటలో, వాళ్ళ మేనమామ ఇంటి దగ్గర చేశారు. పొద్దు వాలుతుండగా పెళ్ళికొడుకు బరాత్ కదిలింది. బ్యాండు హిందీ డాన్సు పాట ఎత్తుకుంది. కుర్రాళ్ళు దుమ్ము రేగేలా ఎగురుతున్నారు. నేను పెదనాన్న ఎర్రకోటు వెతుక్కుంటూ వెనక వరస పక్కకి పరిగెత్తాను. మా పెదనాన్న బుగ్గలు పూరించి, కళ్ళు మూసుకుని నడుస్తున్నాడు. అలవాటు కొద్దీ నా చూపు ఆయన వేళ్ళ మీదికి పోయింది.

అది డాన్సు పాట కాదు. నిదానంగా లేస్తున్నాయి వేళ్ళు, ఇంకా నిదానంగా పడుతున్నాయి. ఓలమ్మో! పెళ్ళికొడుకు గుర్రం వెనకాల మా పెదనాన్న పాడె పాట వాయిస్తున్నాడు! చుట్టూ చూశాను. ట్రంపెట్టు వాడికి తెలీదు, డప్పు వాడికి తెలీదు, నెత్తిన లైట్లు మోస్తున్న ఆడవాళ్ళకి తెలీదు. అంత జనంలో అది వినబడుతున్నది నా ఒక్కదానికే. అరిచి చెబితే ఆయన్ని ఏం చేస్తారో. చెప్పకపోతే అక్కకి ఏం మూడుతుందో. అటు అక్క, ఇటు పెదనాన్న. నోరు రెండు చేతులతో మూసుకుని, గుమ్మందాకా ఆ పాట పక్కనే నడిచాను. ఒక్క స్వరం ఎగ్గొట్టకుండా మొత్తం వాయించాడు.

పందిరి వెనక బ్యాండు వాళ్ళు భోజనం పిలుపు కోసం కూర్చున్నారు. ఆయన ఒక పక్కగా ఇటుకల మీద కూర్చున్నాడు. దగ్గరికి వెళ్ళి, "అది సావుపాట గదా, పెదనాన్నా?" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. "నీకు ఇనబడిందేటే?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను అడిగాను, ఎవరు చచ్చిపోయారని. ఒళ్ళోని క్లారినెట్టు నిమురుతూ అన్నాడు. "ఊరందరి సావుకీ ఇదే ఏడిసింది. దీని సావుకి ఎవుడు వాయిత్తాడే, గుంటా?"

"మరి అక్కకి కీడు తగల్దా?"

"తగల్దే. ఊపిరి తగల్నేదు గదా. ఉట్టి ఏళ్ళే." పరీక్ష రాసి వచ్చిన పిల్లాడిలా బెరుగ్గా అడిగాడు. "బాగొచ్చిందా?"

బాగా వచ్చిందన్నాను. ఆయన జేబు తడుముకున్నాడు. అద్దె కోటు జేబులో పిప్పరమెంటు ఎక్కడినుంచి వస్తుంది? ఖాళీ చెయ్యి నా నెత్తిమీద పెట్టాడు.

అక్క చల్లగానే కాపురం చేసుకుంది. పెదనాన్నే ఎన్నాళ్ళో లేడు. ఆయన పోయిన రోజు డప్పులు వచ్చాయి, ట్రంపెట్టు వచ్చింది. క్లారినెట్టు వాయించే మనిషి మాత్రం ఊరంతా వెతికినా దొరకలేదు. ఆయన క్లారినెట్టుని ఆయనతోపాటే చితి మీద పెట్టేశారు. ఆడవాళ్ళం ఏటి ఒడ్డుకి వెళ్ళకూడదు కదా, గడప దగ్గరే ఆగిపోయాను. పాడె సందు మలుపు తిరిగేదాకా ద్వారబంధం మీద నా వేళ్ళతో ఆ పాట వాయించాను. వినబడకపోవడం వేరు, వాయించకపోవడం వేరు. పెదనాన్న నాకు నేర్పిన పాఠం ఇదేనేమో. కానీ పాఠం వచ్చినంత మాత్రాన దుఃఖం తీరుతుందా? ఎదురుగా కూర్చుని వినేవాళ్ళు ఒక్కరుండాలి. ఆయనకి నేనున్నాను.

ఇప్పుడూ అదే సందులో ఉంటున్నాను. పెళ్ళిళ్ళకి డీజే బళ్ళు వస్తున్నాయి. కిటికీలు అదిరిపోతాయి, చెప్పు విసిరేవాడు లేడు. పళ్ళూడిపోయి నేనూ పెదనాన్నలాగే తయారయ్యాను. మధ్యాహ్నం పూట గడప మీద కూర్చుంటే నాకు తెలియకుండానే మోకాలి మీద వేళ్ళు ఆడతాయి. మొన్న మనవరాలు ఫోను పక్కనపెట్టి, ఎదురుగా చతికిలబడి, నా వేళ్ళకేసి వింతగా చూసింది. నా ప్రాణం లేచి వచ్చింది. ఆ పాడె పాటే మొదటినుంచి ఎత్తుకుని, నిదానంగా, దాని కళ్ళలోకి చూస్తూ చివరిదాకా వాయించాను.

"నానీ, హాథ్ మే దర్ద్ హై క్యా?" అంది. నొప్పెడుతోందా అని నా వేళ్ళు దాని చేతుల్లోకి తీసుకుని, ఆడకుండా గట్టిగా పట్టుకుంది.