చెప్పకూడదు గారు

మా మునిసిపల్ ఆఫీసులో సమాచార విభాగం గుమాస్తా గారికి ఒకటే అలవాటు. ఎవరు ఏం అడిగినా చెప్పరు. జనానికి సమాచారం ఇవ్వమని ప్రభుత్వం ఆయనకు ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక కిటికీ, కిటికీ మీద ‘సమాచారం’ అని ఒక బోర్డు కూడా ఇచ్చింది. ఆయన ఆ బోర్డు కిందే కూర్చుని, మెడ కాస్త పక్కకు వంచి, ఎంతో మర్యాదగా "అది చెప్పకూడదండీ" అనేవారు. అందుకని ఆఫీసంతా ఆయన్ని ‘చెప్పకూడదు గారు’ అనేది. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో నాకు తెలుసు. కానీ చెప్పకూడదు.

ఆయనకు ఆఫీసు విషయం, ఇంటి విషయం అని తేడా లేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర టైపిస్టు సరదాకి, "ఇవాళ ఏం కూరండీ?" అని అడిగితే, ఆయన గబుక్కున డబ్బా మూత పెట్టేసేవారు.

"అది మా ఇంటి విషయమండీ."

"వాసనకి వంకాయలా ఉంది!"

"వాసన మీ స్వంత పరిశోధన. దాన్ని నేను కాదనను, అవుననను."

ఆ మూత మళ్ళీ మేమంతా చేతులు కడుక్కోవడానికి లేచాకే తెరుచుకునేది.

ఒకసారి మా పెద్దాఫీసరు గారి పుట్టినరోజుకి కేకు తెప్పించారు. దాని మీద పేరు, పేరు కింద ఆయన వయసు అంకెల్లో, ఎర్రటి క్రీముతో రాసి ఉంది. పెట్టె విప్పే పని మన చెప్పకూడదు గారిది. మేం చప్పట్లు కొట్టుకుంటూ దగ్గరికి వెళ్ళి చూస్తే కేకు మధ్యలో ఎర్రటి మరక. అంకెల మీద చాకు తిప్పేశారు.

"ఇదేంటండీ, కేకు పాడుచేశారు!"

"వయసు వ్యక్తిగతమండీ. తినడానికి అడ్డం రాదు."

పెద్దాఫీసరు గారు మాత్రం ఆ రోజు ఆయనకి అందరికంటే పెద్ద ముక్క కోసి ఇచ్చారు.

చాకు ఒక్కసారే గానీ, రోజూ వాడే ఆయుధం నల్ల పెన్ను. లావు మొనది. బయటివాళ్ళు దరఖాస్తు పెట్టుకుని ఏ ఫైలు నకలు అడిగినా, అందులో ఉద్యోగుల చిరునామాలు, ఫోన్ నంబర్లు, పిల్లల వివరాలు కనబడకుండా కొట్టేసేవారు. కొట్టాక జిరాక్సు తీసేవారు. ఆ జిరాక్సుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎండకి ఎత్తి చూసేవారు. మళ్ళీ కొట్టి, మళ్ళీ జిరాక్సు తీసేవారు.

"ఏంటండీ, సూర్యుడికి కూడా చెప్పకూడదా?" అని నేను ఒకసారి ఏడిపించాను.

"ఆయన రోజూ అందరిళ్ళకీ వెళ్ళేవాడే కదమ్మా, ఆయనకి తెలుసు. ఆయన వెలుతురు అడ్డం పెట్టుకుని చదివేవాళ్ళతోనే భయం."

నేను ఆ ఆఫీసులో భవనాల భద్రత చూసే ఇన్‌స్పెక్టర్‌ని. చేరిన కొత్తలో మా పాపని బడిలో చేర్చడానికి నా ఉద్యోగ వివరాల కాగితం కావాల్సి వచ్చింది. ఆయన దగ్గర దరఖాస్తు పెట్టుకున్నాను. నకలు చేతికి వచ్చింది. నా పేరుంది, హోదా ఉంది. ఆ కింద చిరునామా ఉండాల్సిన చోట బొగ్గుతో పూసినట్టు నల్లటి పట్టీ. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఇది నా కాగితమండీ! ఆ నలుపు కింద ఉన్నవి నా వివరాలే!"

ఆయన కాగితం వైపు చూశారు, నా వైపు చూశారు, మెడ వంచారు.

"మీవో కావో చెప్పకూడదమ్మా."

"నేను నేనే కదండీ!"

"మీరు మీరే. అందులో నాకు అనుమానం లేదు. బడివాళ్ళకి ఏం తెలియాలి? మీరిక్కడ పనిచేస్తున్నారని. అంతేగా?" అంటూ అప్పటికప్పుడే చక్కటి చేతిరాతతో ధ్రువపత్రం రాసి, పెద్దాఫీసరు గారి చేత సంతకం చేయించి తెచ్చి ఇచ్చారు. పాపకి సీటు వచ్చింది. నా కోపం మాత్రం పోలేదు. మా ఇంటి అడ్రసు నా దగ్గరే దాచే మనిషిని ఏమనాలి? ఇంటికి వెళ్ళి అమ్మతో చెబితే, "పాపం, ఆయనకేదో జబ్బేమోనే" అంది.

అలాగని ఆయన్ని పని ఎగ్గొట్టే మనిషి అనుకుంటే పొరపాటే. ఒకరోజు ఒక ముసలాయన వచ్చి, మా వీధి కాలవ పని సగంలో ఆగిపోయింది, ఎందుకు ఆగిందో తెలియాలి అన్నాడు. చెప్పకూడదు గారు లేచి, పని ఎవరికిచ్చారు, ఎప్పుడు ఆపారు, ఏ ఇంజనీరు ఏం రాశాడు అన్నీ బయటికి తీసి, ముసలాయన కళ్ళద్దాలు తెచ్చుకోలేదంటే పక్కన కూర్చుని చదివి వినిపించారు. ఇంజనీరు ఒంటికాలి మీద లేచాడు.

"నా గుట్టంతా బయటపెట్టారే! మీ నల్ల పెన్ను నాకు పనికిరాదా?"

"మీ పని జనానిదండీ, అది చెప్పాలి. మీ ఇల్లు మీది, అది చెప్పకూడదు," అన్నారాయన. ఆ కాలవ పని మర్నాడే మొదలైంది.

ఇలా ఉండగా నేనొక సినిమా హాలు తనిఖీకి వెళ్ళాను. వెనక మెట్ల మీద ఖాళీ సీసాల పెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. తలుపుకి గొలుసు, గొలుసుకి తాళం. నిప్పంటుకుంటే జనం అంతా ముందు తలుపు మీదే పడాలి. తలుపు తీసి మెట్లు ఖాళీ చేసేదాకా ఆటలు ఆపమని నోటీసు ఇచ్చాను.

యజమాని ఆఫీసుకొచ్చి నా బల్ల మీద గుద్దాడు. "ఇన్నాళ్ళలో ఎప్పుడైనా నిప్పంటుకుందా మేడమ్ గారూ?"

"అంటుకోలేదు కాబట్టే ఇద్దరం ఇలా మాట్లాడుకుంటున్నామండీ," అన్నాను. ఆ మాటకి ఆయనకి మరీ మండింది. తిన్నగా సమాచారం కిటికీ దగ్గరికి వెళ్ళి, ఈ ఇన్‌స్పెక్టరమ్మ కాగితాలన్నీ నాకు కావాలని దరఖాస్తు పడేశాడు.

సరిగ్గా ఆ ముందురోజే చెప్పకూడదు గారు సెలవు పెట్టి వెళ్ళారు. ఎందుకని అడిగితే ఏమన్నారో వేరే చెప్పక్కర్లేదు. ఆయన కుర్చీలో టైపిస్టుని కూర్చోబెట్టారు. పాపం, అతనూ నల్లగానే కొట్టాడు. కానీ రెండోసారి జిరాక్సు తియ్యలేదు, ఎండకి పట్టి చూడలేదు.

యజమాని పట్టి చూశాడు. నా కళ్ళ ముందే, వరండా కిటికీ దగ్గర నిలబడి, కాగితాన్ని ఎండకెత్తి, పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఇల్లెక్కడో తెలిసింది మేడమ్. ఆదివారం వస్తాను. ఇంటి దగ్గర తీరిగ్గా మాట్లాడుకుందాం."

నాతో ఆయన ఆఫీసులో ఎంత అరిచినా భయం లేదు. అది నా పని. ఇంట్లో అమ్మ ఉంది, వీధిలో ఆడుకునే పాప ఉంది. పోలీసులకి చెబుదామంటే, "ఆయన మాట్లాడతానన్నాడు, అంతే కదమ్మా," అంటారు. అప్పుడు జీవితంలో మొదటిసారి చెప్పకూడదు గారు ఎదురుగా ఉంటే బాగుండుననిపించింది.

ఆదివారం పొద్దున్నే కిటికీలన్నీ మూసేశాను.

"పట్టపగలు కిటికీలు మూస్తావేమే?" అంది అమ్మ.

"దుమ్మొస్తోందమ్మా."

పేపరబ్బాయి తలుపు కొట్టినా లోపలినుంచి "ఇంట్లో ఎవరూ లేరు!" అని నేనే అరిచాను. సాయంత్రం దాకా అలాగే కూర్చున్నాం. ఎవరూ రాలేదు. రాకపోవడంతో ఇంకా భయం వేసింది.

సోమవారం చెప్పకూడదు గారు వచ్చారు. కళ్ళకి నల్లద్దాలు. "చివరికి కళ్ళు కూడా కొట్టేసుకున్నారే!" అని నీటి పన్ను గుమాస్తా నవ్వాడు. ఏమైందని అందరం అడిగాం. అది చెప్పకూడదన్నారు. నేను నా గోడు చెప్పుకుందామని లేచేలోపల, గుమ్మంలోకి ఒక పెద్దావిడ చేతిసంచీతో వచ్చింది.

"చుక్కల మందు ఇంట్లో మర్చిపోయి వచ్చారు! కంటికి ఆపరేషనై వారం కాలేదు, అప్పుడే ఆఫీసు!"

అలా ఆయన ఇంటావిడని మేం మొదటిసారి చూశాం. ఆయనెంత గుట్టో, ఆవిడంత బోళా. కుర్చీ లాక్కుని కూర్చునేలోపలే ఆయనకి బల్లులంటే భయమనీ, నిద్రలో ఈల వేస్తారనీ, మొన్న టైపిస్టు వాసన పట్టింది వంకాయేననీ మాకు తెలిసిపోయింది. కిటికీ వెనకనుంచి ఆయన, "చెప్పకూడదే, చెప్పకూడదే" అంటూనే ఉన్నారు. ఆవిడ వినిపించుకోలేదు.

"మీలో నీటి పన్ను ఎవరు నాయనా?"

"నేనేనండీ."

"నీకొచ్చే తిట్లు కాస్త ఘాటుగా ఉంటాయి సుమా!"

"నాకు తిట్లెక్కడొచ్చాయండీ? ఇంటికొచ్చి నన్నెవరూ ఒక్క మాట అనలేదు."

"నీ ఇంటిదాకా వస్తే కదా!" అని ఆవిడ పకపకా నవ్వింది. "అన్నీ మా ఇంటికే వస్తాయి. కాగితాల ప్రకారం మీరంతా మా ఇంట్లోనే కదా కాపురం! ఉన్నది రెండు గదుల వాటా. అందులో ఇన్‌స్పెక్టర్లు, పన్నులవాళ్ళు, రోడ్డు మీద కొట్లు తీసేయించే ఆయన, అందరూ మాతోనే. బయటివాళ్ళ చేతికి వెళ్ళే కాగితాల్లో అందరికీ మా అడ్రసే ఉండేట్టు పెద్దాఫీసరు గారి చేత సంతకం చేయించుకున్నారీయన."

మేం నోళ్ళు వెళ్ళబెట్టాం.

"ఎందుకండీ?" అన్నాను.

"మా పక్కవాటాలో ఒక సర్వేయరు ఉండేవాడు తల్లీ. పొలం హద్దు గీసినందుకు రోజూ గేటు ముందు ఎవరో ఒకరు నిలబడేవాళ్ళు. పిల్లలు వెనక కిటికీలోంచి దూకి బడికెళ్ళేవాళ్ళు. చివరికి ఊరే వదిలిపోయారు. అప్పట్నుంచీ ఈయన పట్టు ఇది. మాకు పిల్లల్లేరు, వచ్చేవాణ్ణి మా ఇంటికే రానీ అంటారు." ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఇంతకీ మెట్ల అమ్మాయివి నువ్వేనా? నిన్న నీకోసం వచ్చాడులే ఆయన."

"వచ్చాడా!"

"వచ్చి గుమ్మంలో నిలబడి, ఆ ఇన్‌స్పెక్టరమ్మని బయటికి పిలవండి అని ఒకటే కేకలు. ఈయన నల్లద్దాలతో వెళ్ళి, ‘ఆవిడ ఎక్కడుందో చెప్పకూడదండీ, మీరు మాత్రం చెప్పండి, వింటాను’ అన్నారు. ఆయన అరిచాడు. నేను మంచినీళ్ళిచ్చాను. మళ్ళీ అరిచాడు. టీ ఇచ్చాను. టీ తాగాక అరవడం బాగుండదు కదా, కూర్చున్నాడు. ఇంక ఇద్దరూ కాగితం మీద మెట్ల బొమ్మ గీసుకుంటూ కూర్చున్నారు. లోపలినుంచి తోస్తే తెరుచుకునే గడియ ఏ కొట్లో దొరుకుతుందో ఈయనే చెప్పారు. పోతూ పోతూ మా కుళాయి కారడం చూసి, మనిషిని పంపిస్తానన్నాడు."

నీటి పన్ను గుమాస్తా తల దించుకుని అద్దాలు తుడుచుకుంటున్నాడు. నాకు పాపని బడిలో చేర్చిన నాటి కాగితం గుర్తొచ్చింది. ఆ నల్ల పట్టీ కింద దాచింది నా అడ్రసు కాదు. తనది. "మీవో కావో చెప్పకూడదమ్మా" అని నిజమే చెప్పారు. నేనే అర్థం చేసుకోలేదు. ఎవరి కళ్ళూ పడకుండా ముందు పెన్నుతో కొట్టారు, పెన్ను తప్పినా మా గుమ్మం బదులు తన గుమ్మం పెట్టారు. మా పిల్లలు వీధి గుమ్మంలోంచి బడికి వెళ్ళిన రోజులన్నీ ఆయన పెట్టిన భిక్షేనని ఆ క్షణంలో అనిపించింది. కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"మీకెలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదండీ."

"ఎవరేం చెప్పారమ్మా?"

"మీ ఇంటావిడ."

"ఆవిడ నాకేమవుతుందో చెప్పకూడదమ్మా," అని కంట్లో చుక్కలు వేసుకోవడానికి తల పైకెత్తారు. అద్దాలు తీసినప్పుడు నీళ్ళు కారుతున్నాయి. మందువల్లేనన్నారు. నేను నమ్మినట్టే తలూపాను.

ఆ వారంలో హాలు యజమాని ఆఫీసుకి వచ్చి, "మెట్లు ఖాళీ చేశాను మేడమ్, వచ్చి చూసుకోండి," అన్నాడు. చూశాను. తలుపు పాప తోసినా తెరుచుకునేట్టుంది. "ఆదివారం మీ ఇంట్లో టీ బాగుందండీ," అని కూడా అన్నాడు. ఆయనింకా చెప్పకూడదు గారిని మా నాన్న అనుకుంటున్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు.

తర్వాతి ఆదివారం పాపని తీసుకుని వాళ్ళింటికి బయల్దేరాను. అడ్రసు, బస్సు నంబరు, ఏ మలుపులో కుక్క ఉంటుందో, అన్నీ ఆవిడే చెప్పింది. తలుపు కొడితే జానెడు తెరుచుకుంది. నల్లద్దాలు కనబడ్డాయి.

"ఎవరు కావాలండీ?"

"భవనాల ఇన్‌స్పెక్టర్ గారిల్లు ఇదేనాండీ?"

మెడ పక్కకి వంగింది. "అది చెప్పకూడదండీ," అంటూనే తలుపు బార్లా తీశారు.

లోపల కుళాయి కొత్తది మెరుస్తోంది. ఆవిడ టీ పెడుతూ ఆయన చిన్ననాటి కబుర్లు మొదలుపెట్టింది. పాప ఆయన కుర్చీ పక్కన చేరి, "తాతగారూ, మీ పేరేంటి?" అని అడిగింది. ఆఫీసులో అందరం చేతులెత్తేసిన ప్రశ్నే. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, వంగి, దాని చెవిలో ఏదో చెప్పారు. అది కిలకిలా నవ్వుతూ నా ఒళ్ళోకి వచ్చి కూర్చుంది.

"ఏం చెప్పారే తాతగారు?"

పాప మెడ కాస్త పక్కకి వంచింది.

"అది చెప్పకూడదమ్మా."