బాలమ్మ పెంచిన బంతిమడి

ఈ మధ్య మా అపార్ట్‌మెంటు కింద ఎవరో కొత్తగా మొక్కలు పెట్టించారు. పొద్దున్నే గొట్టంతో నీళ్లు పడుతుంటే తడిసిన మట్టి వాసన మూడో అంతస్తులోని మా వంటింటి కిటికీ దాకా వస్తుంది. అందరికీ ఇష్టమైన వాసనే. నాకు మాత్రం అది సోకగానే ముఖం వేడెక్కుతుంది. ఎవరూ చూడకపోయినా తల దించుకుంటాను.

నాకప్పుడు పదేళ్లు. అశోక్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. సెలవొస్తే చాలు, నాన్న నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని పట్నం చూపించేవాడు: పబ్లిక్ గార్డెన్‌లో పాత చెట్ల నీడ, ట్యాంక్ బండ్ మీద సాయంత్రపు గాలి, నిప్పుల మీద కాల్చి నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్దిన మక్కబుట్ట, నౌబత్ పహాడ్ ఎక్కితే కాళ్ల కింద పరుచుకున్న ఊరు. అయినా నాకు సొంతమనిపించింది లోయర్ ట్యాంక్ బండ్ దారిలోని పార్కు ఒక్కటే. నారాయణగూడలో బడి విడవగానే ఇంటికొచ్చి, సంచీ పడేసి అక్కడికే పరుగెత్తేదాన్ని. ఎండాకాలం గుల్‌మొహర్ పూల కేసరాలు ఒకదానికొకటి తగిలించి కోడిపందేలు ఆడేవాళ్లం, వానలు పడితే గడ్డిలో ఎర్రటి ఆరుద్ర పురుగులు ఏరేవాళ్లం, చలికాలం ఎండుటాకుల కుప్పల మీద దూకి తిట్లు తినేవాళ్లం.

ఆ కుప్పలు ఊడ్చి పెట్టేది బాలమ్మ. పాలమూరు దిక్కు నుంచి వచ్చి కవాడిగూడ బస్తీలో ఉండేది; పెనిమిటి ఇళ్లు కట్టే చోట కూలి, ఆమెకు పార్కులో మొక్కల పని. తిట్టిన నోటితోనే దగ్గరికి పిలిచి, గొట్టం నా చేతికిచ్చి నీళ్లు పట్టనిచ్చేది. సద్దిడబ్బా విప్పితే జొన్నరొట్టెలో పుంటికూర పెట్టి నాకో తుంపు ఇవ్వకుండా తినేది కాదు. ఆ ఏడు తొలకరి పడగానే నడుమ మడిలో బంతినారు వేసింది. దసరాకు విరగబూయాలని ఆమె పట్టుదల. మొగ్గలు తొడిగిన రోజున నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించింది.

సద్దుల బతుకమ్మ నాడు నాన్న చిక్కడపల్లి మార్కెట్ నుంచి తెచ్చిన తంగేడు, గునుగు పూలతో మా బతుకమ్మ మోకాలెత్తు కూడా లేవలేదు. మా ఇంటి ఓనరు వాళ్లది వాళ్లమ్మాయి నడుము దాకా వచ్చింది. వంటింట్లో నువ్వుల సద్ది, చింతపండు పులుసు కలిపిన సద్ది ఘుమఘుమలాడుతున్నా నాకు ఆకలి లేదు. పార్కుకు పోయి బాలమ్మను పూలడిగాను.

“వద్దు బిడ్డా. ఇవి సర్కారు పూలు. ఒక్కటి తక్కువైనా నన్నే అడుగుతరు,” అంది.

సరేనని తలూపాను. ఆమె అన్నం తిని కొళాయి దగ్గరికి డబ్బా కడుక్కోవడానికి పోయినప్పుడు మడిలో దిగి, గుడ్డసంచీ నిండేదాకా తెంపాను. వెనక్కి తిరిగి చూస్తే మొండి కాడలు మిగిలాయి. ఇంట్లో అడిగితే బాలమ్మే ఇచ్చిందని చెప్పాను. ఆ సాయంత్రం గల్లీ ఆడవాళ్లంతా మా బతుకమ్మనే మెచ్చుకున్నారు. నేను సిగ్గుపడలేదు, మురిసిపోయాను. ట్యాంక్ బండ్ దగ్గర నీళ్లలో వదులుతుంటే ఆ పసుపురంగు అలల మీద చాలాసేపు కనిపించింది.

మరునాడు అమ్మ ఓ డబ్బాలో, రొట్టె నలిపి బెల్లం కలిపిన మలీద ముద్దలు పెట్టి, నన్ను వెంటబెట్టుకుని పార్కుకు బయలుదేరింది. కడుపునొప్పి అన్నాను, వినలేదు. మడి దగ్గర సూపర్‌వైజరు బాలమ్మను నిలబెట్టి ఏదో అడుగుతున్నాడు. అమ్మకు అదేం తెలుసు? నవ్వుతూ డబ్బా చాచింది.

“మా పిల్లకు పూలిచ్చినవంట, నీ కడుపు సల్లగుండ. జర ఈ మలీద తిను.”

ఆయన బాలమ్మ వైపు తిరిగాడు. “నేనియ్యలే సారు. పిల్లనే అడుగున్రి,” అందామె. ఆమె గొంతులో భయం లేదు. నేను నిజం చెప్తానని నమ్మింది.

ఆయన వంగి, మెల్లగానే అడిగాడు. అమ్మ చెయ్యి నా భుజం మీద ఉంది.

“బాలమ్మనే ఇచ్చింది,” అన్నాను.

బాలమ్మ నా ముఖంలోకి చూసి, అమ్మ ఇచ్చిన డబ్బాను మూత తీయకుండానే తిరిగి అమ్మ చేతిలో పెట్టింది. సెలవులయ్యాక పోయి చూస్తే మొక్కలకు ఎవరో మగమనిషి నీళ్లు పడుతున్నాడు. ఆమెను పనిలోంచి తీసేశారని చెప్పాడు.

కాలేజీలో చేరాక గానీ అమ్మకు నిజం చెప్పలేకపోయాను. విని అమ్మ కుడుతున్న కుట్టుమిషన్ ఆపేసింది. “ఆ పొద్దే చెప్తే నేనే పోయి సారుకు చెప్పకపోయేదాన్నా?” అంది. ఇద్దరం కవాడిగూడ పోయాం. బస్తీ ఉన్న చోట పునాదులు తవ్వుతున్నారు. అక్కడి వాళ్లు ఎటు పోయారో ఎవరూ చెప్పలేకపోయారు.

పోయిన నెల, చాలా ఏళ్ల తర్వాత, ఆ పార్కుకు పోయాను. నడిచేవాళ్లకు బాట వేశారు. నారు పోసి మొగ్గ కోసం ఎదురుచూసే మడి లేదు. పూసిన మొక్కలే కుండీల్లో లారీ దిగుతున్నాయి. ఆరుద్ర పురుగులు లేవు, నాన్న లేడు. ఊడుస్తున్న ఒకామెను ఏ ఊరని అడిగితే పాలమూరు దిక్కు అంది. బాలమ్మ అని, వెనకట ఇక్కడే పని చేసేది, తెలుసా అన్నాను.

“మా దిక్కు ఇంటికో బాలమ్మ ఉంటదమ్మా. ఏ ఊరామె? ఇంటిపేరేంది?”

బాలమ్మ రొట్టె అన్ని రోజులు తిన్నాను. ఆ రెండూ ఒక్కనాడూ అడగలేదు.