స్టార్టవడం వేరండీ

సోమవారం ఉదయం మా అపార్ట్‌మెంట్ సంఘం వాట్సాప్ గ్రూపులో, నీళ్ళ ట్యాంకు కడిగే ప్రకటనకూ లిఫ్టు మరమ్మతు ప్రకటనకూ నడుమ, మా కార్ల మేస్త్రి గారు తెల్లవారుజామున కాలం చేశారన్న వార్త వచ్చింది. నలభై మంది చేతులు జోడించారు. ఒకరు బొటనవేలు ఎత్తారు. అది పొరపాటున జరిగిందని తర్వాత వివరణ ఇచ్చుకున్నారు. కార్యదర్శి హోదాలో ఆ వివరణను ఆమోదించాను. అంతకు ముందు సాయంత్రమే ఆయనకు శాలువా కప్పినవాణ్ణి కూడా నేనే కనుక, ఈ నాలుగు మాటలు రాసే అర్హత నాకున్నదో లేదో పాఠకులే నిర్ణయించాలి.

ఆటోనగర్‌లో ఆయనది రేకుల షెడ్డు. బండి వస్తే చెయ్యి తుడుచుకుని బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు వినేవారు. "ఏమైంది" అని ఎన్నడూ అడగలేదు. "ఏం చేశారండీ?" అనే అడిగేవారు.

మేము చేసింది ఇది. నేను కొన్న సెకండ్ హ్యాండ్ కారును, మూఢం వెళ్ళేదాకా రోడ్డెక్కించరాదన్న కుటుంబ నిర్ణయం మేరకు, సెల్లార్‌లో కదపకుండా ఉంచాం. మూఢం వెళ్ళింది, బ్యాటరీ కూడా వెళ్ళింది. అయిదో అంతస్తు రిటైర్డ్ ఇంజనీరు గారు తన కారు నుంచి కేబుళ్ళు కలిపి, కరతాళధ్వనుల మధ్య స్టార్ట్ చేయించారు. వీధి చివర గుడి దగ్గర ఆపి కొబ్బరికాయ కొట్టాం. మళ్ళీ స్టార్ట్ కాలేదు. మళ్ళీ కేబుళ్ళు. ఈసారి జ్వరమొచ్చినట్టు వణుకుతూ వెళ్ళి, రామవరప్పాడు రింగ్ దగ్గర సకుటుంబంగా ఆగిపోయింది. మేస్త్రి గారు స్కూటర్ మీద బ్యాటరీ పెట్టుకుని వచ్చారు.

"ఇంజన్ ఆపి కొట్టారా కాయ, ఆన్‌లో పెట్టి కొట్టారా?"

"ఆపే కొట్టాం. అమ్మవారి ముందు కదా!"

"అమ్మవారు ఏమీ అనుకోదండీ. బ్యాటరీయే అనుకుంటది."

టెర్మినళ్ళ మీద పేరుకున్న తెల్లటి పొడిని పక్క టీ బడ్డీలో అడిగిన వేణ్ణీళ్ళతో కడిగి బిగించారు. తన బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేసి, మీటర్ పెట్టారు. పద్నాలుగు వోల్టుల దాకా ఎక్కాల్సింది పన్నెండు దగ్గరే కూర్చుంది. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీని నింపాల్సిన ఆల్టర్నేటర్ ఛార్జి చేయడం లేదన్నమాట. బండి నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి నిర్ధారించుకుందామని, తన కారులో మా వెనకే వచ్చిన ఇంజనీరు గారు ప్రతిపాదించారు.

"అది మీ నాటి బండ్లకండీ. దీనికి పీకితే కంప్యూటర్ పోద్ది. స్టార్టవడం వేరు, బాగవడం వేరండీ. ఎందుకు ఆగిందో తెలుసుకోకపోతే, మళ్ళీ ఎక్కడ ఆగుద్దో అది చెప్పదు."

షెడ్డులో ఆల్టర్నేటర్ బాగు చేశాక కూడా ఇంజను వణుకుతుంటే ఏసీ కట్టేయించి, నా కాలు యాక్సిలరేటర్ మీంచి తీయించారు. "పది నిమిషాలు వదిలెయ్యండి. దానంతటది ఊపిరి సర్దుకోవాలి. మధ్యలో తొక్కితే మన కోసం నటిస్తది." అలాగే సర్దుకుంది.

మొన్నటి వారం ఆయనే షెడ్డులో కూలిపోయారు. ఆసుపత్రిలో షాక్ ఇస్తే గుండె మళ్ళీ కొట్టుకుంది. రెండో రోజుకి లేచి తిరిగారు, ఇంటికీ వచ్చేశారు. సంఘం అత్యవసరంగా సమావేశమై, మన మేస్త్రి గారి పునర్జన్మ సందర్భంగా ఆదివారం మేడ మీద సన్మానం చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రతిపాదించినది నేనే.

గురువారం ఆయన ఫోన్ చేశారు. "సెక్రటరీ గారూ, రేపు మళ్ళీ ఆసుపత్రిలో చేరమన్నారండీ. అసలెందుకు ఆగిందో చూడాలంట. నాలుగు రోజులు ఉంచుతారంట."

"ముఖ్య అతిథి గారి డేట్ దొరకడమే గగనమైంది మేస్త్రి గారూ. సోమవారం చేరండి. చక్కగా తిరుగుతున్నారుగా!"

నా కారు దగ్గర తానన్న మాట ఆయనకు గుర్తొచ్చే ఉంటుంది. నాకు రాలేదు.

"సరేలెండి. మీ మాట కాదంటానా."

లిఫ్టు మరమ్మతులో ఉన్నందున అయిదు అంతస్తులూ మెట్లెక్కి వచ్చారు. ఎండ తగ్గని సాయంత్రం శాలువాలో చెమటలు కక్కుతూ, ముఖ్య అతిథి ప్రసంగం నలభై నిమిషాలూ కదలకుండా కూర్చున్నారు. ఫొటోలు బాగా వచ్చాయి.

సోమవారం వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మం పక్కన ఆసుపత్రికి సర్దిన సంచి అలాగే ఉంది. పైన మా శాలువా మడత పెట్టి ఉంది. "పొద్దున్నే చేరాలని రాత్రే సర్దుకున్నారండీ," అంది ఆయన భార్య.

సంఘం వాళ్ళు సంతాప తీర్మానం సిద్ధం చేయమన్నారు. "తీరని లోటు" దాకా రాసి ఆపాను. సెల్లార్‌లోకి దిగి కారు స్టార్ట్ చేశాను.

"స్టార్టయిందిగా సార్, వెళ్ళండి, వెనక బండి తియ్యాలి," అన్నాడు వాచ్‌మన్.

ఏసీ కట్టేశాను. కాలు తీసేశాను. మీటరు అద్దం వెనక ముల్లు వణుకుతూ ఉంది. వెనక హారన్ మోగుతూ ఉంది.