వదులు నత్తు

మా కిర్మిజి వదినకి కుళ్లుకోవడం కూడా ఇంటి పనుల్లో ఒకటి. పొద్దున్నే లేచి ఆవు పాలు పితికేది, తందూరు రాజేసి రొట్టెలు కొట్టేది, ఆ తర్వాత ఊళ్లో ఎవరింట్లో ఏం కొత్తగా వచ్చిందో ఆరా తీసి కుళ్లుకునేది. చివరి పని మిగతావాటికంటే శ్రద్ధగా చేసేది. పక్కింటి ఆవు కవల దూడల్ని ఈనిందంటే ఆ వారమంతా మా ఇంట్లో జొన్నముద్దల్లో ఉప్పు ఉండేది కాదు. మా చింబాయ్ పట్నం వైపు ఇళ్లలో పెట్టె మీద పరుపులు మడిచి, ఒకదాని మీద ఒకటి పేరుస్తాం, ఎంత ఎత్తుంటే అంత కలిగిన ఇల్లని. ఎవరింటికి వెళ్లినా వదిన ముందు ఆ పేర్పు ఎంత ఎత్తుందో చూసేది, సలాం చెప్పడం ఆ తర్వాతే.

అలాగని నన్ను మంచిదాన్ని అనుకోకండి. ఆమె ఊరందర్నీ చూసి కుళ్లుకుంటే నేను ఆమెని చూసి కుళ్లుకునేదాన్ని. కారణం మా అమ్మ ముక్కున ఉండే నత్తు. మావాళ్లు అరెబెక్ అంటారు. బంగారంతో చేసింది, కుడి ముక్కుపుటానికి అతుక్కున్నట్టు ఉంటుంది, ముందుభాగం లావుగా, మీద నీలిరాళ్లూ ఒక పగడమూ. అది అత్త నుంచి కోడలికి వెళ్లాల్సిందే. కూతురికిస్తే పరాయి ఊరికి పోతుందని భయం. అందుకే పుట్టింట్లో ఆడపిల్లలకి ముక్కే కుట్టరు, అత్తారింట్లో కుట్టుకోనీ అని వదిలేస్తారు. నన్ను ఇచ్చిన ఊళ్లో ఆ అలవాటు ఎప్పుడో పోయింది. అలా నా ముక్కు బోడిగానే మిగిలిపోయింది.

అమ్మ పేరు ఉల్బోసిన్. ఆ నత్తు ఆమె నిద్రలో కూడా తీసేది కాదు. సామూహిక వ్యవసాయ క్షేత్రంలో పత్తి బాగా ఏరినవాళ్లకి ఫొటో తీస్తామని, కాకపోతే ముక్కుది తీసి రావాలని పెద్దలు చెబితే, ఆమె ఫొటోకే వెళ్లలేదు. మా దగ్గర అరవై మూడేళ్లు నిండినవాళ్లు పైగంబరు, అంటే ప్రవక్త, బతికిన వయసుకి వచ్చారని విందు చేస్తారు. ఆ రోజు పెద్దవాళ్లు దాచుకున్న బట్టలూ గిన్నెలూ అందరికీ పంచిపెడతారు. నత్తు కూడా ఆ రోజే తీస్తానని అమ్మ ముందునుంచీ చెబుతూ వచ్చింది. ఎవరికిస్తుందో మాత్రం చెప్పలేదు.

కిర్మిజి వదిన కాపురానికి వచ్చినప్పుడు అమ్మే స్వయంగా ఆమె ముక్కు కుట్టింది. అప్పటినుంచి వదిన అందులో సన్నటి వెండి తీగ పెట్టుకుని, అమ్మ ముక్కు వంక చూస్తూ గడిపింది. ఒక్కతే కోడలు కాబట్టి కొన్నాళ్లు నిశ్చింతగానే ఉంది. తర్వాత మా తమ్ముడికి పెళ్లయి సర్బినాజ్ వచ్చింది. వాళ్ల పుట్టింట్లో ఆనవాయితీకి విరుద్ధంగా చిన్నప్పుడే ముక్కు కుట్టేశారట. చిన్న ముక్కు, చక్కటి ముక్కు.

“చూశావా ఆ ముక్కు?” అంది వదిన, రొట్టెల మీద నీళ్లు చల్లుతూ.

“బాగుంది.”

“బాగుండక ఏం చేస్తుంది? ఒక్కరోజైనా తందూరులోకి వంగిందా అది?”

“అయితే నీది వంగి వంగి వెడల్పయిందంటావా వదినా?”

“నీకేమే, బోడి ముక్కుదానివి. నీకు ఏ చింతా లేదు.”

అది నాకు తగలాలనే అంది. తగిలింది కూడా. ఆ రోజు ఆమె ఇచ్చిన రొట్టె తినకుండా వచ్చేశాను.

విందు ఏర్పాట్లకి నేను పుట్టింటికి వెళ్లేసరికి ఖర్బూజాలు పండుతున్నాయి. వదిన నన్ను గడప కూడా దాటనివ్వకుండా పశువుల పాక వెనక్కి లాక్కెళ్లింది.

“మీ అమ్మ ఏం చేసిందో తెలుసా? చిన్నదాని ముక్కుకి దారం పట్టింది. నేను టీ పట్టుకెళ్తూ నా కళ్లతో చూశాను. పుటం చుట్టూ తిప్పి ఇక్కడో ముడి, ఇక్కడో ముడి వేసింది. ఆ దారం తలగుడ్డ కొంగులో కట్టుకుని కంసాలి దగ్గరకి బయల్దేరింది.”

“ఎందుకని అడగలేకపోయావా?”

“నేనా అడగాలి? ఇన్నేళ్లు ఆవిడ కాళ్లు పట్టాను, ఆవిడ జుట్టు దువ్వాను. నా ముక్కుకి ఏనాడైనా దారం పట్టిందా? నిన్నగాక మొన్న వచ్చినదానికి పట్టింది. నత్తు దానికి సరిచేయించడానికి కాకపోతే ఇంకెందుకు?”

నాకూ అలాగే అనిపించింది. అనిపించి, లోపల కాస్త హాయిగా కూడా ఉంది. నాకు రానిది వదినకీ రాదు కదా అని.

వదిన ఊరుకునే మనిషి కాదు. అమ్మ నత్తు ముందుభాగం అంత లావుగా ఉంది కాబట్టి ముక్కులోకి వెళ్లే తీగ కూడా అగ్గిపుల్లంత ఉంటుందని లెక్క వేసుకుంది. లోపలి తీగని ఎవరు చూశారు గనుక? తన ముక్కు రంధ్రం వెండి తీగంతే ఉంది. దాన్ని పెద్దది చేసుకుంటే, విందులో అందరి ముందూ నత్తు అందుకుని అక్కడికక్కడే పెట్టేసుకోవచ్చు, కంసాలితో పనిలేకుండా నాకే సరిపోయింది చూడండి అని పెద్దవాళ్లని ఒప్పించవచ్చు. ఇదీ ఆమె ఆలోచన.

రంధ్రం పెంచడం మాకు తెలియని పనేం కాదు. జొన్నకాడ లోంచి సన్నటి పుల్ల చెక్కి, గొర్రె తోక కొవ్వులో ముంచి పెట్టుకోవాలి. పొద్దున, సాయంత్రం మెల్లగా తిప్పాలి. నొప్పి లేకుండా, పట్టకుండా, దానంతటది తిరిగినప్పుడే దానికంటే ఒక్క రవ్వ లావు పుల్లకి వెళ్లాలి. జొన్న విత్తినప్పుడు మొదలుపెడితే కోతలకి ఒక లావు నత్తు పడుతుంది. తొందరపడి మధ్యలో ఒక మెట్టు వదిలేస్తే చర్మం సాగదు, చిరుగుతుంది. ఇదంతా మాకు చెప్పిందే కిర్మిజి వదిన. ఊళ్లో ఆడపిల్లల చెవి రంధ్రాలు పెంచేది ఆమే.

మరి తన విషయంలో అదంతా ఎక్కడికి పోయిందో. సన్నపుల్ల తిరగకముందే చీపురుపుల్ల దూర్చింది. అది పట్టేసి ఉండగానే తలకాయ విరిచిన అగ్గిపుల్ల పెట్టింది. తలగుడ్డ కొంగు ముక్కు మీదుగా కట్టుకుని, పన్ను నొప్పి అని అందరికీ చెప్పింది.

నేను పులావుకి కారెట్లు తరుగుతుంటే పక్కన కూర్చుంది. నాకు వాసన వచ్చింది. కొంగు తప్పించి చూశాను. పుటం ఎర్రగా వాచి, పుల్ల చుట్టూ చీము పట్టి ఉంది.

“తీసెయ్ వదినా. తీసి ఉప్పునీళ్లతో కడుగు.”

“విందు అయ్యాక.”

“అప్పటికి ముక్కే మిగలదు నీకు.”

“నీకు కావాల్సింది అదే కదా,” అంది, కొంగు మళ్లీ లాక్కుంటూ.

నాకు ఒళ్లు మండింది. చెప్పాల్సింది చెప్పేశాను, నీ ఇష్టం అనుకుని కారెట్లు తరుక్కున్నాను.

విందు రోజు అమ్మ పరుపుల మీద మధ్యలో కూర్చుంది. చుట్టూ ఊళ్లో ఆడవాళ్లంతా. బట్టలు పంచింది, గిన్నెలు పంచింది, అందరి దీవెనలూ అందుకుంది. చివరికి చెయ్యి ముక్కు దగ్గరకి వెళ్లింది. నత్తు బయటికి తీసేసరికి అమ్మ ముఖం నాకు ఒక్కసారిగా ఎవరిదో ముఖంలా కనిపించింది.

ఆమె ముందు సర్బినాజ్‌ని పిలిచి, ఒక గుడ్డ మడత విప్పి చిన్న వెండి నత్తు చేతిలో పెట్టింది.

“ఇది నీకు. నీ ముక్కు కొలతకే కొట్టించాను. పెద్దదానికి బంగారం వస్తే నీకు కడుపుమంట పుట్టకూడదని.”

ఆడవాళ్లు నవ్వారు. కుళ్లుకునేది ఎవరో ఊరందరికీ తెలుసు కదా.

“కిర్మిజీ, రా. నీది తీసుకో.”

వదిన కదల్లేదు. కొంగు ఇంకా పైకి లాక్కుంది. అమ్మ నత్తు తిప్పి చూపించింది. రాళ్ల వెనక, ముక్కులోకి వెళ్లే తీగ వెండి తీగంత సన్నంగా ఉంది.

“నీ ముక్కు కుట్టిన వారంలోనే ఒక్క పూట దీన్ని తీసి, తీగ సాగదీయించి సన్నం చేయించాను. వంపు కూడా, కుట్టేటప్పుడే వేళ్లతో కొలత చూసుకుని, నీ ముక్కుకే కొట్టించాను. రేపు ఇంకో కోడలు వస్తుంది, అది తియ్యగా మాట్లాడుతుంది, నా మనసు మారుతుంది. అలా మారకుండా అప్పుడే చేయించేశాను. ఇన్నేళ్లూ నీ కొలతదే పెట్టుకు తిరిగాను. ఊ, రావే.”

వదిన వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. అమ్మ కొంగు తీసింది. నవ్వులు ఆగిపోయాయి.

“ఏం చేసుకున్నావే?”

“లావుగా ఉంటుందనుకున్నాను అత్తయ్యా. దానికి పట్టారు కదా దారం.”

“నన్ను అడగొచ్చు కదా.”

వదిన ఏడవడం నేను చూసింది అప్పుడొక్కసారే.

తీసిన నత్తు, విందు మాంసం పళ్లేలు లోపలికి రాకముందే, ఇంకో ముక్కు ఎక్కాలని మా ఆనవాయితీ. మనిషి బతికుండగా అది వట్టిగా పెట్టెలోకి వెళ్తే చావుని పిలిచినట్టు. అందరి చూపులూ సర్బినాజ్ వైపు తిరిగాయి.

“వద్దత్తయ్యా. అది అక్కది,” అంది సర్బినాజ్. ఆ పిల్ల భయపడిపోయింది.

“అక్కదే. ఎవరికి పెడుతుందో అక్కే పెడుతుంది,” అని అమ్మ నత్తు వదిన అరచేతిలో పెట్టింది.

వదిన చుట్టూ చూసింది. నా ముక్కు మీద కూడా చూపు ఆగింది. రంధ్రమే లేని ముక్కు దేనికి పనికొస్తుంది? చివరికి సర్బినాజ్ గడ్డం పట్టుకుని, ముఖం తనవైపు తిప్పుకుని, నత్తు తొడిగింది. ఊరి పిల్లలందరికీ పోగులు పెట్టిన చెయ్యి అది. చిన్నముక్కు మీద నత్తు నిలవలేదు. జారి పైపెదవి దాకా వచ్చి ఊగింది.

“వదులైపోయిందే. కంసాలి దగ్గరకి పంపితే ఒక్క నొక్కు నొక్కి ఇస్తాడు,” అంది ఒక ముసలామె.

“దాన్ని ఎవరూ నొక్కడానికి వీల్లేదు,” అంది వదిన. “పుండు మానగానే నాది నేను తీసుకుంటాను.”

పుండు మానింది. కానీ పుటం అంచు దాకా చీలిపోయింది. దానికి ఇక ఏ కొలత నత్తూ నిలవదు. అమ్మ పోయి చాలా కాలమైంది. వెండిది సర్బినాజ్ పెట్టెలో పడి ఉంది. బంగారపుది ఇప్పటికీ ఆమె ముక్కున ఊగుతూ ఉంటుంది, టీ తాగితే గిన్నెకి తగులుతుంది, తుమ్మితే చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. సరిచేయించనా అక్కా అని ఒకసారి అడిగిందట. వద్దన్నదట వదిన. మళ్లీ అడగలేదు.

ఏ విందుకి వెళ్లినా ఎవరో ఒకరు అంటారు, నత్తు నీకు పెద్దదయిందే పిల్లా అని. సర్బినాజ్ ప్రతిసారీ ఒకే మాట చెబుతుంది.

“ఇది మా అక్క కొలత.”

ఆ మాట వినడానికే వదిన ఆమె పక్కన చోటు చూసుకుని కూర్చుంటుందని నా అనుమానం. విన్నాక చెయ్యి చాచి, అందరూ చూస్తుండగా, సర్బినాజ్ ముక్కు మీద నత్తుని తీరిగ్గా సరిచేస్తుంది. సర్బినాజ్ కదలకుండా ముఖం ఇస్తుంది. నేను వాళ్లిద్దరి పక్కనే కూర్చుని టీ పోస్తుంటాను. నాది ఏ కొలతో ఇంతవరకు ఎవరూ అడగలేదు.