సుర్మా నబీ సాబ్ కుడిచెయ్యి

పెబ్బేరు సంతలో ఎద్దు పళ్ళు చూసి వయసు చెప్పేవాళ్ళు నూరుమంది ఉంటారు. ఎద్దు నడక చూసి దాని యజమాని ఎన్ని అబద్ధాలు ఆడబోతున్నాడో చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే. నాలుగో తరగతిలోనే బడికి దండం పెట్టి దళారీ పనిలోకి దిగాను. నేను అమ్మించిన ఒక కోడె కొత్తకోట దాకా పరుగెత్తి, తన నీడ వచ్చి కలుసుకునేదాకా అక్కడ నిలబడి ఎదురుచూసింది. నమ్మనివాళ్ళు ఆ కోడెనే అడగండి.

అంతటి నాకు కూడా నబీ సాబ్ దగ్గర ఒక్క అబద్ధం దొరకలేదు.

అతనిది గద్వాల. మౌలాబీని చేసుకుని పెబ్బేరుకు వచ్చి, సంత మొదట్లో గోనెపట్టా పరుచుకుని, కళ్ళకు పెట్టుకునే సుర్మా అమ్మేవాడు. నల్లటి సుర్మా రాయిని సుత్తితో చితగ్గొట్టి, కల్వంలో వేసి ఇరవై ఒక్క రోజులు నూరేవాడు. పొడిని రెండు వేళ్ళ మధ్య రాసి చూసేవాడు. రవ్వంత గరుకు తగిలినా మళ్ళీ మొదటికే. వేళ్ళ మధ్య ఏమీ లేనట్టు అనిపించిన రోజున మొదటి పుల్ల తన కంటికే పెట్టుకునేవాడు. కన్ను కలుక్కుమంటే ఆ ఇరవై ఒక్క రోజుల పనినీ పెంట మీద పారబోసేవాడు.

"ఎవలు సూస్తరు సాబ్, జర గరుకున్నా అమ్మెయ్యి," అనేవాణ్ణి నేను.

"కన్ను సూస్తది గద ఎంకటన్నా," అనేవాడు.

సుర్మా నూరే ఆ కుడిచెయ్యే వాళ్ళ ఇల్లు నడిపింది. యుద్ధం రోజుల్లో, 1942లో, రాయి కొడుతుంటే ఒక పెచ్చు ఎగిరి ఆ అరచేతిలో దిగింది. రెండు రోజులు పసుపు కట్టుకుని తిరిగాడు. మూడోనాటికి చెయ్యి బూరెలా పొంగింది. నేనే రెక్క పట్టుకుని సామ్యూల్ దగ్గరికి తీసుకుపోయాను.

సామ్యూల్ ఏదో మిషను దవాఖానలో కంపౌండరుగా చేసి, మానుకుని వచ్చి, సంత పక్కన రేకుల గదిలో సొంతంగా మందులిచ్చేవాడు. పెచ్చు తీసి పారేసి, బీరువాలోంచి ఇంగ్లీషు అక్షరాల సీసా తెచ్చాడు. మూత తీయగానే గది అంతా గుప్పుమంది.

నబీ సాబ్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఏందిది? సారా దుకాణం వాసనొస్తుంది."

"స్పిరిట్. ఆల్కహాల్ అంటరు. గాయం కడిగితే విషం సస్తది."

"తోబా తోబా! నమాజుకు ముందు గీ చేతితోని వజూ చేస్త నేను. గీ చేతితోని పసిపిల్లల కండ్లకు సుర్మా పెడుత. సారా పోస్తవా?"

సామ్యూల్ నవ్వాడు. "నబీ సాబ్, గా మాట మీదే. అరబ్బీల అల్ కుహ్‌ల్ అంటే సుర్మానే. తెల్లదొరలు ఆ మాట తీస్కపోయి ఏ మెత్తని పొడికైనా పెట్టిండ్రు. ఆ తర్వాత కాచి ఆవిరి పట్టి తీసిన సారానికి పెట్టిండ్రు. ఆఖరుకు పొడి పోయింది, తాగేది మిగిలింది."

"అంటే మా ఇంట్ల పుట్టి, దొరల కాడికి పోయి, తాగుడు నేర్సుకొని వచ్చిందంటవ్," అన్నాడు నబీ సాబ్. నొప్పిలోనూ నవ్వుతూనే లేచాడు. "మాట మాదైతే గావచ్చు. సీసా మాది గాదు." చేతికి గుడ్డ చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఇంగ్లీషు మాట మా దగ్గర ఎవరికీ అక్కర్లేదు. తాటిచెట్టు కింద అది కల్లు, బట్టీ దగ్గర సారా, దొరల బల్ల మీద బ్రాందీ, దవాఖానలో స్పిరిట్. అన్నిటిలోనూ ఉన్నది అదొక్కటేనని సామ్యూల్ చెబితేనే నాకు తెలిసింది. రుజువు చూపించమన్నాను. సీసా అతని చేతిలోనే ఉంది. వద్దని చెయ్యి లాక్కుని పోయినవాడు మళ్ళీ వస్తాడని ఇద్దరమూ అనుకోలేదు.

"జర నీళ్ళు కలుపు, పేగులు మాడుతయ్," అన్నాడు సామ్యూల్.

మూడు గుటకలకే నేను గద్వాల కోట బురుజు మీద కూర్చుని కృష్ణలో కాళ్ళు కడుక్కున్నాను. అంత దూరం సాగాయి నా కాళ్ళు. సీసా ఖాళీ అయ్యాక సామ్యూల్ దాన్నిండా నీళ్ళు పోసి బీరువాలో పెట్టాడు, ఖాళీగా కనిపిస్తే గిరాకీ పోతుందని. యుద్ధం వల్ల కొత్త సీసా వచ్చే దారి లేదు.

మర్నాడు మౌలాబీ మసీదుకు మనిషిని పంపించింది. ప్రాణం మీదికొచ్చినప్పుడు మందుగా వాడితే తప్పులేదని పేష్ ఇమాం చెప్పాడు. ఆమె మొగుడి ముందు కూర్చుని ఏడ్చింది, ఒట్టు పెట్టింది, చివరికి వెంటబెట్టుకుని తీసుకొచ్చింది. నేను ఆ గదిలోనే బల్ల మీద ఉన్నాను.

"పొయ్యి డాక్టర్ సాబ్," అని నబీ సాబ్ కళ్ళు మూసుకుని చెయ్యి చాపాడు.

సామ్యూల్ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. మౌలాబీ ఎదురుగా నిలబడి ఉంది. అతను సీసా తీసి పోశాడు.

నబీ సాబ్ కళ్ళు తెరిచాడు. "మండుతలేదే! సల్లగుంది. ఊకెనే బుగులు పెట్టినవ్."

"కర్నూలు పొండ్రి సాబ్. అక్కడ పెద్ద దవాఖాన ఉంది," అన్నాడు సామ్యూల్.

"మందు పడ్డంక కర్నూలెందుకు?" అని నబీ సాబ్ నవ్వాడు. సామ్యూల్ మళ్ళీ చెప్పలేదు. రోజుకు వంద అబద్ధాలు చెప్పే నోటితో నేను ఒక్క నిజం చెప్పలేకపోయాను.

మందు పడిందన్న నమ్మకంతో వాళ్ళు నాలుగు రోజులు ఇంట్లోనే ఉన్నారు. ఐదో రోజుకు నలుపు మణికట్టు దాటింది. నా బండి కట్టి, నా ఎద్దులను కొట్టి కొట్టి కృష్ణ దాటించి కర్నూలు చేర్చాను. మోచేతి దాకా తీసేశారు. ముందే వస్తే వేలు కూడా పోయేది కాదని అక్కడి డాక్టరు మౌలాబీకి చెప్పాడు.

సామ్యూల్ నెల తిరగకముందే గదికి తాళం వేసి, ఎటో చెప్పకుండా వెళ్ళిపోయాడు. నబీ సాబ్ ఎడమచేత్తో నూరి చూశాడు. గరుకు పోలేదు. వేళ్ళ మధ్య రాసి చూసి పారబోశాడు, మళ్ళీ నూరి మళ్ళీ పారబోశాడు. ఆ తర్వాత మౌలాబీ పల్లీ చేలలో కూలికి పోయింది. సామ్యూల్ దగ్గరికి తీసుకుపోయింది తానేనని ఆమె మొగుడి ముఖంలోకి చూడటం మానేసింది.

చెబుదామని మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి అతనే అడిగాడు.

"ఎంకటన్నా, నువ్వాడనే ఉన్నవ్ గద. ఆ దినం సెయ్యి ఎందుకు మండలే?"

నోరు తెరిచాను. "మంచి సరుకు మండదు సాబ్," అన్నాను.

అతను తలూపాడు. "మంచి సరుకే ఐతది. అందుకే అంత లోపటికి దిగింది. వద్దని మనసు సెప్తనే ఉండె. అల్లా సూసిండు."

ఇంకో ఆరేళ్ళు బతికాడు. చెయ్యి పోయినందుకు ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఐదు పూటలా నమాజు అయ్యాక ఒంటిచెయ్యి చాపి, ఒంటి మీద సారా పోయించుకున్న తప్పును మన్నించమని అడుక్కునేవాడు. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒక్క మట్టిగోడే. ఆ ఆరేళ్ళూ ఐదు పూటలా నాకు వినపడింది.