నడుమ సూది దిగని గుడ్డ

చొక్కా చిరిగినా ఆమె వేసిన కుట్టు ఊడేది కాదు. బడి యూనిఫారాలు కుట్టే ఆ దర్జీకి ఉన్న గర్వమంతా అదే. చివరికి అక్కడే దెబ్బ తింది.

పెద్ద పరీక్షలకు పది రోజులున్నాయనగా కూతురు పుస్తకాలు కట్టగట్టి అటకెక్కించింది.

"ఏమే, పరీక్షలకు వెళ్లవా?"

"సరిగ్గా ఆ రోజుల్లోనే పడ్డాయమ్మా. మూడు గంటలు కదలకుండా కూర్చోవాలి. పోయిన నెల బెంచీ మీద మరక చూసి అందరూ నవ్వారు. నేను వెళ్లను."

వీధి కొట్లో ప్యాడ్లు ఉండవు. బస్సెక్కి వెళ్తే మందుల షాపులో వచ్చేవారం రమ్మన్నారు. బడిలో నెలసరి పాఠం రాగానే టీచరు పేజీలు తిప్పేసి, ఇంట్లో అడిగి తెలుసుకోమంది. ఇంట్లో ఉన్న తల్లికేమో ఎవరూ ఏదీ చెప్పి ఎరగరు. ఆమెకు తెలిసింది కుట్టడం ఒక్కటే.

"నేను కుడతాను. నువ్వు వెళ్తున్నావు, అంతే."

మెత్తటి పాత నూలు దుప్పటి మడతలు వేసి, అడుగున విరిగిన గొడుగు గుడ్డ పెట్టి, కదలకుండా నడిమధ్యన ఆరు వరసలు బిగించి కుట్టింది. కూతురు దాని మీద గ్లాసుడు నీళ్లు ఒంపింది.

"కారిపోతోందమ్మా!"

తిప్పి చూసింది. గొడుగు గుడ్డ తప్పేమీ లేదు. సూది దిగిన ప్రతిచోటా ఒక్కో బొట్టు, గీత గీసినట్టు ఆరు వరసలు.

"నీ పరీక్షకి జల్లెడ కుట్టానే తల్లీ," అని పడీపడీ నవ్వింది. వెంటనే గొడుగులోంచి ఇంకో ముక్క కోసింది. ఈసారి నడుమ సూది దించలేదు. అంచులు మాత్రమే కుట్టి, రెండు పక్కలా రెక్కలు వదిలి, వాటికి టిచ్ బటన్లు పెట్టింది. అలాంటివి అరడజను.

మొదటి పరీక్ష రోజు ఆమె కాలు మిషను మీద ఆడలేదు. కూతురు వచ్చీరాగానే అడిగింది.

"ఎలా ఉందే?"

"లెక్కలు రెండు తప్పాయి."

"లెక్కలు కాదే!"

"ఓ, అదా? మర్చేపోయాను."

ఉతికినవి ఎండలో తాడు మీద ఆరేస్తుంటే పక్కింటావిడ నోరు నొక్కుకుంది.

"నలుగురూ చూడరూ? దుప్పటి కింద ఆరెయ్యరాదూ!"

"ఎండ తగలాలి వదినా. చూడనీ."

ఆవిడ కదల్లేదు. గొంతు తగ్గించింది. "మా పిల్లకి కూడా..."

"రేపు పంపించు. కుట్టడం నేర్పుతాను."

ఆ పిల్ల తర్వాత ఎంతమంది వచ్చారో! ఆ దర్జీ పోయాక మిషను సొరుగులో ఆ గుడ్డలు కత్తిరించే అట్ట నమూనా దొరికింది. దాని మధ్యలో పెన్సిలుతో, వంకర అక్షరాలతో: "ఇక్కడ సూది పెట్టొద్దు."